ముందు విడదీయండి

(పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట తెలుగు, సోషల్ చెప్పడానికి ముందుకొచ్చిన వాలంటీర్లతో ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు శాఖా గ్రంథాలయంలో మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసుకున్నవి.)

అందరికీ నమస్కారం. మైకు అక్కర్లేదండీ. ముప్పై నాలుగేళ్ళు అరవై మంది పిల్లల మధ్య మైకు లేకుండానే అరిచినవాణ్ణి. ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గిస్తే చాలు.

మీలో డిగ్రీ చదివేవాళ్ళున్నారు, బ్యాంకులో రిటైరైనవాళ్ళున్నారు, వంట ముగించుకుని గంటసేపు వస్తామన్న అమ్మలున్నారు. లెక్కలకీ సైన్సుకీ మనుషులు వెంటనే దొరికారట. తెలుగుకీ సోషల్‌కీ మాత్రం దొరకడం కష్టమైందని లైబ్రేరియన్ గారు వాపోయారు. తెలుగేగా, దానికి ట్యూషనేంటి అనుకుంటాం మనం. తీరా పిల్లాడు పుస్తకం పట్టుకొచ్చి "అంకుల్, ఇది రుగాగమ సంధా, టుగాగమ సంధా?" అని అడిగితే చెమటలు పడతాయి. (నవ్వులు)

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. పిల్లాడు ప్రశ్న తేగానే జవాబు చెప్పేయకండి. ముందు దాన్ని విడదీయమనండి. పదమైతే పదాన్ని విడదీయాలి. పద్యమైతే పాదాన్ని. చరిత్రైతే ఆ మాట ఎవరన్నారు, ఎక్కడ రాసుంది, తర్వాత దానికి ఎవరేం తగిలించారు అని విడదీయాలి. అది వస్తే సగం జవాబు వాడే చెప్తాడు. మిగతా సగం మీరు చెప్పినా నష్టం లేదు.

వ్యాకరణంతో మొదలుపెడతాను, భయం ఎక్కువ అక్కడే కాబట్టి.

ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చేది. సూత్రాలన్నీ కంఠతా పట్టింది. "ఉత్తునకు అచ్చు పరమైనప్పుడు సంధి నిత్యం" అని నిద్రలో లేపినా చెప్పగలదు. పరీక్షలో మాత్రం సంధుల దగ్గర మార్కులు పోతున్నాయి. ఒకరోజు వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడుతోంది. తమ్ముడి సంగతి కాబోలు, "వాడెక్కడున్నాడు? ఏమంటున్నాడు?" అని అడిగింది. ఫోన్ పెట్టగానే, "ఇప్పుడు నువ్వన్న రెండు వాక్యాల్లో మూడు సంధులున్నాయి, విడదీయి చూద్దాం" అన్నాను. ఆ పిల్ల నా వంక వింతగా చూసి ఏమందో తెలుసా? "అవి సంధులు కావు మాస్టారూ, మామూలు మాటలు" అంది.

అదీ మన జబ్బు. సంధి అంటే పుస్తకంలో ఉండేదనీ, నోట్లో ఉండేది మామూలు మాటనీ పిల్లలు ఎప్పుడో తీర్మానించేసుకున్నారు. వాళ్ళకలా చెప్పింది మనమే.

కాగితం మీద రాయించాను. వాడు, ఎక్కడ. రెండూ కలిస్తే వాడెక్కడ. మొదటి మాట చివర ఉ పోయింది. ఉత్వ సంధి. ఎక్కడ, ఉన్నాడు. ఎక్కడున్నాడు. ఈసారి అ పోయింది. అత్వ సంధి. ఏమి, అంటున్నాడు. ఏమంటున్నాడు. ఇక్కడ ఇ పోయింది. ఇత్వ సంధి. ఏ అచ్చు పోయిందో దాని పేరే సంధి పేరు. ఇంతే కదా సంగతి! ఆ పిల్ల కాసేపు కాగితం వంక చూసి, "మరి ఇదంతా ఉత్తు, పరము అని ఎందుకు చెప్పారు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఉత్తు అంటే ఉ అనే అచ్చు, పరమవడం అంటే దాని తర్వాత రావడం, అంతే.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. పేరులో బాల ఉంది గానీ పెద్దవాళ్ళనే మూడు చెరువుల నీళ్ళు తాగిస్తుంది. సూత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత గొప్ప అనే సంప్రదాయం ఆయనది. ఆ పొట్టితనాన్ని విప్పి చెప్పకుండా మనం పిల్లల చేతికి అలాగే ఇచ్చేస్తాం. తర్వాత గిడుగు రామమూర్తి గారు వచ్చి జనం మాట్లాడే భాషలో చదువు చెప్పమని పోరాడారు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, స్కూల్లో దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. మర్నాడు మళ్ళీ "ఉత్తునకు అచ్చు పరమైనప్పుడు". (నవ్వులు) నేను సూరిని తప్పుపట్టను. ఆయన సూత్రంలో ఉన్న విషయం ఈ పిల్ల ఫోన్లో మాట్లాడిన విషయమే. మధ్యలో దుబాసీ పని మనం చేయట్లేదు.

ఆ దుబాసీ పనికి నాలుగు మాటలు ఇస్తాను. నిత్యం అంటే ప్రతిసారీ జరుగుతుంది. వైకల్పికం అంటే జరిగినా సరే, జరగకపోయినా సరే. నిషేధం అంటే జరగదు. నాలుగోది అన్యకార్యం, అనుకున్నది కాకుండా ఇంకేదో జరగడం. ఈ నాలుగూ ఉన్న చోటు బహుళం. అత్వ సంధి బహుళం. రామ, అయ్య కలిస్తే రామయ్య, ఇంకో రూపం లేదు. మేన, అల్లుడు కలిస్తే మేనల్లుడు అనొచ్చు, మేనయల్లుడు అని కూడా ఉండొచ్చు. అమ్మ, ఇచ్చెను కలిస్తే సంధి రాదు, మధ్యలో య దూరి అమ్మయిచ్చెను అవుతుంది. ఒక, ఒక కలిస్తే ఒకొక కావాలి కదా, ఒకానొక అయింది. "ఒకానొక ఊళ్ళో" అని కథ మొదలుపెట్టినప్పుడల్లా అన్యకార్యం చేస్తున్నామన్నమాట.

పిల్లలు ఎక్కువగా తడబడేది గసడదవాదేశ సంధికీ సరళాదేశ సంధికీ మధ్య. గైడ్లలో రెండు పేజీలు ఉంటుంది. మీరు వంటింట్లోంచి మొదలుపెట్టండి. కూర, కాయ. కూరకాయలు అంటామా? కూరగాయలు. తల్లి, తండ్రి. తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు. అన్నదమ్ములు. క చ ట త ప అనే పరుషాలు వరసగా గ స డ ద వ అయ్యాయి. సరళాదేశంలో అవే పరుషాలు గ జ డ ద బ అవుతాయి. రెండు వరసలూ పక్కపక్కన రాయించండి. తేడా రెండు చోట్లే కనిపిస్తుంది. చ అక్కడ స, ఇక్కడ జ. ప అక్కడ వ, ఇక్కడ బ. మిగతా మూడూ ఒకటే.

మరి క గ అయినచోట ఏ సంధో ఎలా చెప్పాలి? అప్పుడు రెండో మాట చూసి లాభం లేదు, మొదటి మాట చివర చూడాలి. "పూచెఁగలువలు" విడదీస్తే పూచెను, కలువలు. మొదటి మాట చివర ను ఉంది. అది ద్రుతం. ద్రుతం ఉంటే సరళాదేశం. ఆ ను పోతూ పోతూ వదిలిన గుర్తే అరసున్న. కూరగాయలు విడదీస్తే కూర, కాయ. ను లేదు, రెండు వస్తువులు జతకట్టాయి, ద్వంద్వం. కాబట్టి గసడదవాదేశం.

ఇది చెప్పాక ఆ అమ్మాయే ఇంకో ప్రశ్న వేసింది. అన్నదమ్ములు అయినప్పుడు అక్కచెల్లెళ్ళు ఎందుకు మారలేదు అని. చూశారా, ఇది కంఠతా పట్టిన పిల్ల వేసే ప్రశ్న కాదు. కావ్యభాషలో మారింది, అక్కసెల్లెండ్రు అనే రూపం ఉంది. మనం నిలబెట్టుకున్నది అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళ దగ్గర చ అలాగే ఉండిపోయింది. చాలా ఊళ్ళలో చెల్లిని విడిగా కూడా సెల్లె అంటారు. అలా అన్న పిల్లల్ని "సరిగ్గా మాట్లాడు" అని నేనూ గదమాయించిన రోజులున్నాయి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పద్యాల దగ్గరికి వస్తాను. అందరికీ తెలిసిన వేమన పద్యమే తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

దీనికి భావం రాయమంటే ఒకబ్బాయి ఇలా రాశాడు: "ఉప్పునీ కర్పూరాన్నీ నొక్కితే ఒకేలా ఉంటాయి." (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను. కానీ వాడు పుస్తకంలో ఉన్నదే చదివాడు. నొక్క అని అచ్చయి ఉంది, నొక్కడం అనుకున్నాడు. విడదీయమని ఎవరూ చెప్పలేదు. కప్పురంబున్, ఒక్క. పోలికన్, ఉండు. ద్రుతంలోని న్ ముందు మాటని వదిలి తర్వాతి మాటకి అతుక్కుంది. విడదీయగానే అర్థం దానంతటదే వచ్చింది. ఉప్పూ కర్పూరమూ చూపుకి ఒకే పోలికలో ఉంటాయి. పిల్లలు పద్యం అర్థం కాలేదన్నప్పుడు పది సార్లకి తొమ్మిది సార్లు కష్టం అర్థంలో ఉండదు, మాట ఎక్కడ మొదలైందో తెలియకపోవడంలో ఉంటుంది.

పిల్లాడు పద్యం తెస్తే ముందు మీరు బయటికి చదవండి. సిగ్గుపడకండి, రాగం తీయక్కర్లేదు. తర్వాత వాడి చేత చదివించి, మాటకీ మాటకీ మధ్య పెన్సిల్‌తో గీత పెట్టించండి. నిఘంటువు ఆ తర్వాతే తీయండి.

ఇదే పాదంలో ఛందస్సు కూడా చెప్పేయొచ్చు. ఉప్పు అన్న మాటలో గురువు, అంటే బరువుగా పలికే అక్షరం, ఏది? క్లాసులో సగం మంది ప్పు అంటారు. ఒత్తు దాని కింద ఉంది కదా, బరువు దానిదే అనుకుంటారు. బరువు పడేది ముందున్న ఉ మీద. ఉప్‌... పు. పలికి చూపిస్తే ఒక్కసారికి తెలిసిపోతుంది. తేలిగ్గా పలికేది లఘువు. కాబట్టి ఉప్పు గురువు లఘువు. కప్పు, రంబు కూడా అంతే. గణమంటే ఇలాంటి గురులఘువుల చిన్న గుంపు. ఇవి మూడు సూర్యగణాలు. తర్వాత నొక్కపో, లికనుండు. ఒకటి ర గణం, ఇంకోటి సలం, రెండూ ఇంద్రగణాలు. ఇది ఆటవెలది మొదటి పాదం. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే.

ఇక యతి, అంటే పాదం మొదటి అక్షరానికి సరిపోయే అక్షరం మధ్యలో మళ్ళీ రావడం. నాలుగో గణం మొదటి అక్షరం నొ. పాదం మొదటి అక్షరం ఉ. "ఉకీ నొకీ యతి ఏంటి మాస్టారూ, కవి తప్పు చేశాడు" అన్నాడు ఒక గడుగ్గాయి. కవి తప్పు చేయలేదురా అబ్బాయ్, నువ్వింకా విడదీయలేదు అన్నాను. నొక్కలో న్ పక్క మాటది. అసలు అచ్చు ఒ. ఉ ఊ ఒ ఓ నాలుగూ యతికి చుట్టాలు. సంధి తెలిస్తే అర్థం వచ్చింది, ఆ సంధి తెలిస్తేనే యతీ కుదిరింది. వ్యాకరణానికి ఒక పీరియడు, పద్యానికి ఒక పీరియడు అని మనం విడదీశాం, విడదీయకూడనిది అదొక్కటే.

రెండో పాదం ఇంకా బాగుంటుంది. చూ, జా. చకీ జకీ కుదిరినా అచ్చులు కలవలేదు. అప్పుడు రెండో అక్షరం చూడండి. చూడ, జాడ. రెండు చోట్లా డ. దీన్ని ప్రాసయతి అంటారు. ఆటవెలదిలో యతికి బదులు ఇది చెల్లుతుంది. సుమతీ శతకం కందపద్యాల్లో మాత్రం వెతక్కండి, అక్కడ అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావాలనే ప్రాస నియమం ఉంది కాబట్టి ప్రాసయతి కుదరదు.

ఈ పద్యాలు మన దాకా ఎలా వచ్చాయని పిల్లలు అడిగితే బ్రౌన్ దొర పేరు చెప్పండి. తాటాకుల్లోంచీ జనం నోళ్ళలోంచీ పోగేసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో కలిపి అచ్చు వేయించాడు. కడప వెళ్ళినప్పుడు ఆయన పేరు మీదున్న గ్రంథాలయం చూసి రమ్మనండి.

చరిత్ర ప్రశ్నలకి నా పరువు పోయిన కథతో మొదలుపెడతాను. "దేశభాషలందు తెలుగు లెస్స అని ఎవరన్నారు?" బిట్ పేపర్లో జవాబు శ్రీకృష్ణదేవరాయలు. మార్కు కావాలంటే అదే రాయమనండి. కానీ పిల్లాడు ఒక్క నిమిషం కూర్చుంటానంటే విడదీయండి. పుస్తకం రాయలదే, ఆముక్తమాల్యద. అందులో ఆ మాట పలికింది రాయలు కాదు. కళింగ దండయాత్రకి వెళ్తూ శ్రీకాకుళంలో ఆగినప్పుడు కలలో కనిపించిన అక్కడి గుడి దేవుడు ఆంధ్రవిష్ణువు. తెలుగులోనే ఎందుకంటావా అని రాయలకి ఆయనే కారణం చెప్తాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది చెప్పి, పటం ముందు నిలబడి, ఉత్తరాన శ్రీకాకుళం పట్టణం మీద కర్ర పెట్టాను. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు. "కాదండీ, అది మా అమ్మమ్మ గారి ఊరి పక్కన, కృష్ణ ఒడ్డున ఉంది. ఆ గుడికి మేం ఏటా వెళ్తాం" అన్నాడు. వాడిదే నిజం. ఘంటసాల దగ్గరున్న శ్రీకాకుళం అది. ఆ రోజు నుంచీ ఊరి పేరు వస్తే ఏ ఊరు, ఏ నది పక్కన అని అడగందే ముందుకెళ్ళను.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇదే పాదం క్రీడాభిరామంలో కూడా ఉంది. అది రాయలకంటే ముందుది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది, శ్రీనాథుడిదే అనేవాళ్ళూ ఉన్నారు. సంస్కృతం తల్లి, దేశభాషల్లో తెలుగు మేలు అని అక్కడి వరస. ఇంతకీ గమనించారా? దేశ, భాష, లందు, తెలుగు, లెస్స. ఐదు సూర్యగణాలు. ఇది కూడా ఆటవెలది పాదమే. దే, తె. యతి కూడా సరిపోయింది.

రెండో ఉదాహరణ రుద్రమదేవి. ఒక పుస్తకంలో ఆమె పాలన 1262 నుంచి 1289 వరకూ అని ఉంటుంది. పాత పుస్తకం ఇంకోదాంట్లో 1295 అని ఉంటుంది. పిల్లాడు రెండూ తెచ్చి ఏది తప్పు అంటాడు. తేడా ఎందుకొచ్చిందో చెప్పండి. నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం దొరికింది. పువ్వుల ముమ్మడి అనే ఆయన, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానం చేశాడు. అంటే అప్పటికే ఇద్దరూ పోయారు. ఆ శాసనం శక సంవత్సరం 1211 నాటిది. దానికి 78 కలిపితే 1289. ఆ రాయి వెలుగులోకి రాకముందు రాసిన పుస్తకాల్లో పాత లెక్కే ఉంది.

ఇక్కడ పిల్లలకి ఒక సరదా కూడా ఉంది. శక 1211 విరోధి నామ సంవత్సరం. మన అరవై ఏళ్ళ చక్రంలో మొన్నీమధ్య విరోధి ఎప్పుడొచ్చింది? 2009 ఉగాదికి. 2009లోంచి పన్నెండు అరవైలు, అంటే 720 తీసేయమనండి. సరిగ్గా 1289. ఈ తీసివేత చేయించినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. ఉగాది పంచాంగం పనికిమాలిందనుకునే వాళ్ళకి అది ఒక కొలబద్దలా కనిపిస్తుంది.

అయితే రుద్రమదేవి, తన మీద తిరగబడిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో చనిపోయిందని పుస్తకాల్లో ఉంటుంది. అది చరిత్రకారులు ఆనాటి పరిస్థితులు చూసి చేసిన ఊహ. రాతి మీద ఉన్నది దానం సంగతి. ఈ రెండిటినీ రెండు రంగుల పెన్నులతో రాయించండి. అలాగే మార్కోపోలో రాతల్లో ఆమెను చనిపోయిన రాజు భార్యగా చెప్పాడు. మన శాసనాల ప్రకారం గణపతిదేవుడి కూతురు. మోటుపల్లి రేవులో పరదేశి విన్న మాటకీ, కాకతీయుల సొంత రాతకీ తేడా వస్తే దేన్ని నమ్మాలో పిల్లలు వాదించుకోవాలి. వాదించుకోనివ్వండి. కాస్త గోలైనా లైబ్రేరియన్ గారు క్షమిస్తారు.

కవిత్రయం గురించి ఒక్క మాట. నన్నయ, తిక్కన, ఎర్రన అని గడగడా చెప్పి, ముగ్గురూ ఒకే అరుగు మీద కూర్చుని భారతం రాశారన్నట్టు ఊహించుకుంటారు. నన్నయ పదకొండో శతాబ్దం, రాజమహేంద్రవరం. తిక్కన పదమూడు, నెల్లూరు. ఎర్రన పద్నాలుగు, అద్దంకి. పటం మీద మూడు చుక్కలు పెట్టిస్తే చాలు. వరస మాత్రం చెప్పండి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపాడు, తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు, మధ్యలో మిగిలింది ఎర్రన పూరించాడు.

ఇక ఫోను. "సార్, ఫోన్ చెప్పింది" అని స్క్రీన్ చూపిస్తారు. కోప్పడకండి. ఆ పద్యం ఏ పుస్తకంలో, ఏ ఆశ్వాసంలో ఉందో కూడా ఫోన్నే అడగమనండి. తర్వాత ఆ పుస్తకం మన అలమర్లోంచి తీయించండి. ఉంటే ఉంది, లేకపోతే లేదు. లైబ్రరీలో కూర్చుని చెప్తున్నందుకు మనకున్న సుఖం అదే.

నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒకరు: పరీక్షలకి రెండు నెలలే ఉంది మాస్టారూ. ఇలా విడదీస్తూ కూర్చుంటే సిలబస్ అవుతుందా?)

అవదు బాబూ. అంతా ఇలా చెప్పడానికి కుదరదు. వ్యాసాలు, ఉత్తరాలు రాయించడం మామూలుగానే కానివ్వండి. రోజుకి ఐదు మాటలు, ఒక పద్యపాదం మాత్రం విడదీయించండి. పావుగంట పని. టెన్షన్ పడే పిల్లాడికి ముందు వాడి నోట్లోంచి వచ్చిన మాటే ఇవ్వండి. వచ్చేసిందనిపిస్తే వాడే ఇంకోటి ఇమ్మంటాడు.

(ఒక మహిళ: మొదట్లో రుగాగమం, టుగాగమం అన్నారు. ఆ రెండూ చెప్పనేలేదు.)

అవునమ్మా, మర్చిపోయాననుకున్నారా? నిజంగానే మర్చిపోయాను. (నవ్వులు) ఆగమం అంటే కొత్తగా వచ్చి చేరేది. మీ ఇంట్లో నిలువు అద్దం ఉందా? దాన్ని ఏమంటారు? నిలువుటద్దం. మధ్యలో ట ఎక్కడిది? నిలువులో లేదు, అద్దంలో లేదు. వచ్చి చేరింది. అది టుగాగమం. తేనెటీగలో కూడా అదే ట. ఇక మనుమ, ఆలు. మనుమాలు అంటామా? మనుమరాలు. మనం మనవరాలు అంటున్నాం. మధ్యలో ర వచ్చి చేరింది. రుగాగమం. ఆలు అన్న మాట వెనకుంటే ర కోసం చూడండి, పేదరాలు, గుణవంతురాలు అన్నీ ఆ దారే.

పిల్లలకి ఒక వాక్యం రాసివ్వండి: "మా మనవరాలు నిలువుటద్దం ముందు నిలబడింది." ర ఎక్కడ దూరిందో, ట ఎక్కడ దూరిందో వాళ్ళనే పట్టుకోమనండి. నేను ఇది ఇంట్లో చెప్తే మా మనవరాలు, "తాతయ్యా, నేను అద్దం ముందు అంతసేపేం నిలబడను" అని అలిగింది.

టీ వచ్చినట్టుంది. చల్లారిపోకముందే తీసుకోండి, అక్కడ మాట్లాడుకుందాం.